గ్లెన్ పేరున చెప్పిన సాక్ష్యం

నవోమికి అన్నిటికన్నా పెద్ద భయం ఒకటుంది. బేరూత్‌లో భర్త ఆమోసుకు ఏదైనా అయితే ఆ కబురు తనకు ఇంగ్లీషులో చెబుతారు. మడత నలగని యూనిఫారాల్లో ఇద్దరు మనుషులు గుమ్మంలోకి వచ్చి, టోపీలు తీసి, గబగబా ఏదో అంటారు. సగమే అర్థమవుతుంది. అర్థం కానప్పుడల్లా చేసే పనే అప్పుడూ చేస్తుంది. నవ్వి, తలూపి, "థాంక్యూ" అంటుంది.

అందుకే, నార్త్ కరొలైనాలో సైనికుల కుటుంబాలుండే ఆ ట్రెయిలర్ ఇళ్ళ మధ్య, కంకర దారి మీద కారు చప్పుడు వినబడితే చాలు, కుట్టుమిషను మీద ఆమె చెయ్యి ఆగిపోయేది. కారు దాటిపోయాక మళ్ళీ సూది కదిలేది. 1983 సెప్టెంబరు అది. ఆమోసు నేవీలో వైద్య సహాయకుడు. గాయపడ్డవాళ్ళకు కట్లు కట్టడానికి మెరీన్ దళంతో పాటు వెళ్ళాడు. అమెరికా, ఫ్రాన్సు, ఇటలీ, ఇంగ్లండు సైన్యాలు కలిసి లెబనానులో శాంతి నిలబెడుతున్నాయని టీవీలో చెబుతున్నారు. అమెరికావాళ్ళ వాటాకు వచ్చింది విమానాశ్రయం పక్క చదును నేల. చుట్టూ కొండలు, కొండల మీద ఎవరి ఫిరంగులు వాళ్ళవి. అప్పటికే కొందరు పోయారు.

ఆ బుధవారం పొద్దున నవోమి ఎవరిదో యూనిఫారం చొక్కాకి హోదా చారల పట్టీ కుడుతోంది. దళంలో చాలామంది భార్యలు ఆ పని ఆమెకే తెచ్చిస్తారు. అంచు దారం కంటికి కనపడకుండా, వేలితో తడిమినా తెలియకుండా కుట్టడం ఆమెకు చేతనైన విద్య. వంటబల్ల అవతల అత్తగారు సారమ్మ, చంటిపిల్ల మణిని ఒళ్ళో వేసుకుని, క్యాసెట్ ప్లేయరు మీట నొక్కింది. ఆమోసు ఉత్తరాలు రాయడు, మాట్లాడి క్యాసెట్లు పంపుతాడు.

"అమ్మా, నవోమీ, బాగున్నారా," అన్నాడు ఆమోసు గరగరమనే చప్పుడు మధ్య. "మేం బాగానే ఉన్నాం. పక్కన ఇటలీవాళ్ళు మట్టిబస్తాలు మేడంత ఎత్తు పేర్చుకున్నారు. మాకేమో అట్టాంటివి లేవు. గేటు కాడ కాపలావాళ్ళ తుపాకుల్లో గుళ్ళు కూడా ఉండకూడదంట. గుళ్ళ పెట్టె నడుం కాడ సంచిలో పెట్టుకుని, ఉత్త తుపాకీ పట్టుకు నిలబడాల. మనం యుద్ధానికి రాలా, ఒక్కడు తొందరపడి కాలిస్తే నాలుగు దేశాలకీ మాటొస్తదని కల్నల్‌గారి ఆర్డరు. కానీ మన లూసీ మొగుడు గ్లెన్ ఉన్నాడే, వాడు గుళ్ళు ఎక్కించే నిలబడతాడు. పైవాళ్ళ జీపు కనపడితే తీసేస్తాడు, పోగానే మళ్ళీ ఎక్కిస్తాడు. మా మందుల గది ఆ గేటు పక్కనే. గ్లెన్ కాపలా ఉన్న పూట నేను బూట్లిప్పి పడుకుంటాను."

సారమ్మ క్యాసెట్టు ఆపింది. "విన్నావా పిల్లా, బూట్లిప్పి పడుకుంటన్నాడంట!"

"నిన్నటినుంచి అదే గదా అత్తమ్మా వింటన్నాం."

"ఎన్నిసార్లు విన్నా నా కొడుకు నిద్రే గదా. ఇయ్యాల కల్నల్ దొరసానమ్మ మీటింగులో సాక్ష్యం చెప్పాల నువ్వు."

"నా ఇంగ్లీషుతోనా!"

"దేవుడికి అర్థం అయిద్దిలే నీ ఇంగ్లీషు. దొరసానమ్మకీ అయిద్ది. మణి పుట్టేటప్పుడు నువ్వు పెట్టిన కేకలు తెలుగులోనేగా పెట్టావు, ఆమెకి అర్థమయ్యే గదా కారు తోలుకొచ్చింది?"

నవోమి నవ్వింది. కానీ మాట మనసులో పడింది. చీరాలలో వాళ్ళ చర్చిలో, ఆరాధన మధ్యలో, మేలు పొందినవాళ్ళు లేచి నిలబడి ఆ మేలు అందరికీ చెబుతారు. ఎవరి చేత జరిగిందో పేరుతో సహా చెప్పాలి. పేరు మింగేసి ఊరికే "దేవుడు కాపాడాడు" అంటే పెద్దవాళ్ళు ఊరుకోరు. "ఎవరమ్మా ఆ మనిషి? ఎక్కడ?" అని అడిగి చెప్పిస్తారు. మేలు చేసినవాడి పేరు నలుగురిలో పలకకపోతే అప్పు ఎగ్గొట్టినట్టే.

సాయంత్రం లూసీ కారు హారన్ కొట్టింది. పక్క ట్రెయిలర్‌లో ఉండే పిల్ల లూసీ. పందొమ్మిదేళ్ళది, ఎర్రజుట్టు, ఏడో నెల కడుపు. స్టీరింగుకి పొట్ట తగలకుండా సీటు బాగా వెనక్కి జరుపుకుని, చేతులు బారుగా చాచి నడుపుతుంది.

"చీర కట్టావేంటి? ఇవాళ ఎవరి పెళ్ళి?" అంది లూసీ.

"నీ మొగుడిది," అంది నవోమి. ఇద్దరూ దారంతా నవ్వుకున్నారు.

మీటింగు చాపెల్ పక్క హాలులో. ఇనప కుర్చీలు గుండ్రంగా వేసి, మూల కాఫీ మరుగుతూ ఉంటుంది. నడిపేది మిసెస్ వెబ్, కల్నల్ భార్య. అక్కడ మగవాళ్ళకు ఆయన కమాండరైతే ఇక్కడ ఆడవాళ్ళకు ఆమె. ఎవరికి జ్వరమొచ్చినా సూప్ గిన్నె పట్టుకుని వస్తుంది. ఫోన్ గొలుసు పెట్టిందీ ఆమే. దళం నుంచి కబురేదైనా వస్తే ఆమె నవోమికి చెబుతుంది, నవోమి లూసీకి, లూసీ తర్వాతి ఆమెకు. చివరి ఆమె తిరిగి మిసెస్ వెబ్‌కి ఫోన్ చేసి, అందిన మాట ఒప్పజెప్పాలి. "చంటిపిల్లతో ఎప్పుడూ ఇంట్లోనే ఉంటావు, నీకు ఇంగ్లీషూ అలవాటవుతుంది," అని నవోమిని తన పక్కనే పెట్టుకుంది. ఆ మాట నవోమి ఆమోసుకు పంపే క్యాసెట్లో రెండుసార్లు చెప్పుకుంది.

"ఈ గదిలో అన్నమాట ఈ గదిలోనే ఉంటుంది," అంది మిసెస్ వెబ్, ప్రతి వారం అన్నట్టే. "ఈ వారం మీరు దేనికి కృతజ్ఞతగా ఉన్నారో చెప్పండి."

ఒకామె కొడుకు దగ్గు తగ్గిందంది. ఒకామె ఎండ తగ్గిందంది. అందరూ కూర్చునే చెప్పారు. నవోమి లేచి నిలబడింది. కొంగు తలమీదికి లాక్కుని, పొద్దుటినుంచి మిషను దగ్గర కూడబలుక్కున్న ఇంగ్లీషు మాటలు ఒకటొకటిగా బయటపెట్టింది. తన భర్త ఆమోసు ఈ వారం నిద్రపోయాడని, అందుకు దేవుడికి స్తోత్రమని, అందరి తుపాకులూ ఖాళీగా ఉన్న చోట లూసీ భర్త గ్లెన్ గుళ్ళు ఎక్కించుకుని తన భర్తకు కాపలా కాస్తున్నాడని. "గ్లెన్ మంచివాడు. దేవుడు గ్లెన్ చేత నా భర్తను బతికిస్తున్నాడు," అని ముగించింది.

ఎవరూ ఆమెన్ అనలేదు. కాఫీ కలుపుతున్న మిసెస్ వెబ్ చేతిలో చెంచా ఆగింది.

"చాలా బాగా చెప్పావు నవోమీ," అంది. "ఏ గేటు, హనీ?"

నవోమికి ప్రాణం లేచొచ్చింది. ఈ దేశంలో తనను ఒకరు అచ్చం వాళ్ళ చర్చి పెద్దల్లా అడగడం అదే మొదలు. "మందుల గది పక్క గేటు, మేడమ్," అంది సంతోషంగా. కూర్చుంటూ లూసీ చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి చల్లగా ఉంది. లూసీ మొహం పాలిపోయింది. తన మాటలకు పిల్ల కరిగిపోయిందనుకుంది నవోమి. తిరిగొచ్చేటప్పుడు లూసీ దారంతా ఏమీ మాట్లాడకపోయినా అదే అనుకుంది.

శనివారం మధ్యాహ్నం మణికి పప్పన్నం పెడుతుంటే ఫోన్ మోగింది. ఫ్లోరిడాలో ఎవరో రేడియో పెద్దాయన. సైనికుల మాటలు తన ఇంటి రేడియోలో పట్టుకుని, ఫోన్‌కి కలిపి ఇంటివాళ్ళకు వినిపించే పుణ్యం కట్టుకున్నాడు. "మీ ఆయన లైన్లో ఉన్నాడమ్మా. మీ మాట అయిపోగానే ఓవర్ అనండి, అప్పుడు నేను మీట తిప్పుతాను. గాలిలో పోయే మాటలు, ఇంగ్లీషులోనే ఆడాలి," అన్నాడు.

పెళ్ళయిన మూడేళ్ళలో ఆమోసు నవోమితో ఒక్క మాట ఇంగ్లీషులో మాట్లాడలేదు. నూతిలోంచి వచ్చినట్టు వచ్చింది గొంతు. "హలో నవోమి. హౌ ఆర్ యూ. ఓవర్."

"అయామ్ ఫైన్. మణి ఫైన్. అత్తమ్మ ఫైన్. ఓవర్."

కాసేపు గాలి హోరు. ఆ తరువాత ఆమోసు, పరాయి మనిషి వింటున్నాడని ఆచితూచి, చిన్నచిన్న మాటల్లో చెప్పాడు. గ్లెన్ ఇప్పుడు గేటు దగ్గర లేడు. ఎవరో చెప్పేశారు. కల్నల్ అతని హోదా తగ్గించాడు. పొద్దస్తమానం గోతులు తవ్విస్తున్నాడు. గేటు దగ్గర కొత్త కుర్రాడు. "అతనికి ఆర్డరంటే ఆర్డరే. ఎవరు చెప్పారో తెలీదు. పాపం గ్లెన్. నాకీ మధ్య నిద్ర లేదు. ఓవర్."

నవోమికి అంతా అర్థమైంది. ఒక్క మాట కూడా జారిపోకుండా అర్థమైంది. రిసీవరు పట్టుకున్న చేతికి పప్పన్నం అంటుకుని ఎండిపోతోంది.

"మేడమ్, మీ వంతు," అన్నాడు ఫ్లోరిడా పెద్దాయన మెల్లగా.

"మణికి పన్ను వచ్చింది," అంది నవోమి ఇంగ్లీషులో. "ఓవర్."

ఆ సాయంత్రం ఆమె లూసీ తలుపు తట్టింది. కిటికీ తెర కదిలింది కానీ తలుపు తెరుచుకోలేదు. ఆదివారం కూడా అంతే. సోమవారం పొద్దున లూసీయే వచ్చింది. చేతిలో హ్యాంగరుకు గ్లెన్ యూనిఫారం కోటు, ప్లాస్టిక్ కవరు వేసి ఉంది. కూర్చోమన్నా కూర్చోలేదు. కోటు మిషను మీద పరిచి, పక్కన కొత్త పట్టీల జత పెట్టింది.

"రెండు చారలవి విప్పి ఒక చారవి కుట్టు," అంది. "వాడొచ్చేసరికి కోటు సరిగ్గా ఉండాలిగా. ఈ పని నీ అంత బాగా ఎవరూ చెయ్యరు."

"లూసీ, నేను థాంక్స్ చెప్పాను. దేవుడికి చెప్పాను."

"లేచి నిలబడి వాడి పేరు చెప్పావు. కల్నల్ పెళ్ళాం ముందు."

"ఆమె చెప్పిందిగా, గదిలో మాట గదిలోనే అని."

లూసీ ఆమె వంక చాలాసేపు చూసింది. ఆ చూపులో కోపం కన్నా అలసట ఎక్కువుంది. "నువ్వు నిజంగా నమ్మావు కదూ," అంది. "మా వెస్ట్ వర్జీనియా కొండల్లో ఒక మనిషి చేసిన మేలు గుర్తుంటే నోరు మూసుకుంటాం, నవోమీ. అదే మా థాంక్స్."

నవోమి బ్లేడు తీసుకుంది. పట్టీ అంచున మూల ఎత్తి, ఒక్కో కుట్టూ తెంపింది. ఆ కుట్లు తను వేసినవే, వేసవిలో గ్లెన్‌కు ప్రమోషన్ వచ్చినప్పుడు. తెగిన దారాలు గోటితో ఏరింది. పట్టీ లేచిన చోట బట్ట ముదురు రంగులో, రెండు చారల ఆకారంలోనే మిగిలింది. ఒక చార పట్టీ ఆ మచ్చను కప్పలేదు. ఎంత జరిపి పెట్టినా పక్కనుంచి కనబడుతూనే ఉంది. లూసీ నిలబడే చూసింది. రెండు చేతుల పట్టీలూ అయ్యాక కోటు తీసుకుని వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం కంకర మీద కారు ఆగింది. నవోమి కిటికీ దగ్గరికి పరిగెత్తింది. దిగింది మిసెస్ వెబ్, చేతుల్లో రేకు కాగితం కప్పిన గిన్నె.

"నువ్వు దిగులుగా ఉన్నావని విన్నాను," అంది కూర్చుంటూ. "నీ తప్పేమీ లేదు. నువ్వు చేసింది మంచి పని."

"మేడమ్, మీరు గదిలో మాట..."

"నాకు తెలుసు హనీ. కానీ కొన్ని విన్నాక విననట్టు ఉండలేను. మా ఆయన జాన్ అక్కడ నాలుగు జెండాలకు జవాబు చెప్పాలి. ఫ్రెంచి వాళ్ళకు, ఇటలీ వాళ్ళకు, ఇంగ్లండు వాళ్ళకు, వాషింగ్టనుకు. భయపడిన ఒక్క కుర్రాడు ఒక్క గుండు కాలిస్తే, మనం కాపలాకు వచ్చామన్న మాట పోయి ఏదో పక్షానికి యుద్ధానికి వచ్చామన్న మాట మిగులుతుంది. అప్పుడు కొండల మీదవాళ్ళందరూ మనవాళ్ళ మీదే పడతారు. నీ ఆమోసు మీద కూడా. అర్థమైందా?"

"ఏమంటందే?" అంది సారమ్మ.

నవోమి తెలుగులో చెప్పింది. సారమ్మ విని, మణిని భుజం మార్చుకుంది. "అడుగు. వాళ్ళాయన పడుకునే చోటు కాడ కాపలావాడి తుపాకీ కూడా ఉత్తదేనా?"

నవోమి అడిగింది. మిసెస్ వెబ్ చేతి గడియారం సర్దుకుంది. "అవి నేను మాట్లాడే విషయాలు కావు," అంది. లేస్తూ నవోమి భుజం మీద చెయ్యి వేసింది. "అతను క్యాసెట్లలో ఇంకా ఏం చెప్పినా ముందు నాకు చెప్పు. లూసీతో కాదు. మనిద్దరం అందరినీ జాగ్రత్తగా చూసుకుందాం."

కారు వెళ్ళాక సారమ్మ గిన్నె మూత కూడా తియ్యలేదు. మెట్ల మీద పెట్టి లోపలికొచ్చింది. "మిషనరీల ఆస్పత్రిలో ఆయాగా ఇట్టాంటి దొరసానమ్మల దగ్గరే నా ఒళ్ళు అరిగిపోయింది పిల్లా," అంది. "నన్ను ఏనాడూ ఒక్క మాట అనలా వాళ్ళు. తోటి ఆయాల కబుర్లు మాత్రం మెల్లగా అడిగేవాళ్ళు. నేనూ చెప్పేదాన్ని. ప్రేమనుకునేదాన్ని."

మంగళవారం పొద్దున గొలుసు ఫోన్ వచ్చింది. మిసెస్ వెబ్ గొంతు ఉల్లాసంగా ఉంది. "రాసుకో హనీ. నిన్న విమానాశ్రయం దగ్గర కొన్ని ఫిరంగి గుళ్ళు పడ్డాయి. మనవాళ్ళందరూ క్షేమం. వాళ్ళకు పూర్తి రక్షణ ఉంది. టీవీ చూసి కంగారుపడొద్దు, ఆఫీసుకు ఫోన్లు చెయ్యొద్దు. ఒకసారి తిరిగి చెప్పు."

నవోమి తిరిగి చెప్పింది. పూర్తి రక్షణ అన్న చోట నాలుక తడబడింది. మిసెస్ వెబ్ ఆ మాట మళ్ళీ చెప్పించింది.

ఆ తరువాత లూసీ నంబరు తిప్పింది. పలచటి గోడల అవతల, పక్క ట్రెయిలర్‌లో ఫోన్ మోగడం రెండు చెవులకూ వినిపించింది. చాలాసేపటికి లూసీ ఎత్తింది. ఊపిరి మాత్రం వినిపిస్తోంది.

"లూసీ, మెసేజ్," అంది నవోమి. ఆగింది. అత్తగారి వైపు చూసింది. సారమ్మ ఏమీ అర్థం కాకపోయినా తలూపింది. "మెసేజ్ ఇది. నిన్న గుళ్ళు పడ్డాయి. మనవాళ్ళ కాపలా తుపాకుల్లో గుళ్ళు లేవు. అది ఆర్డర్. రక్షణ లేదు. ఆఫీసుకు ఫోన్ చేసి ఎందుకని అడగండి. నెక్స్ట్ పర్సన్‌కి చెప్పు."

"ఇది ఆవిడ మెసేజేనా?" అంది లూసీ. వారం తరువాత స్నేహితురాలిగా ఆమె అడిగిన మొదటి మాట అది.

"కాదు. నాది."

ఫోన్ పెట్టేసిన చప్పుడు. నవోమి గోడకు చెవి ఆనించి నిలబడింది. ఆ తరువాత డయల్ తిరిగే చప్పుడు, లూసీ గొంతు. కాసేపటికి ఎదుటి వరసలో ఎక్కడో ఫోన్ మోగింది. కిటికీలు తెరిచి ఉన్న ఎండపూట, దూరదూరంగా ఇంకో ఇంట్లో, ఇంకో ఇంట్లో. బట్టలు ఆరేస్తున్న ఒకామె క్లిప్పులు నోట్లో పెట్టుకునే లోపలికి పరిగెత్తింది. మధ్యాహ్నానికి బేస్ ఆఫీసు ముందు పిల్లల బళ్ళతో ఆడవాళ్ళు నిలబడి ఉన్నారట. బయటికొచ్చిన అధికారి, అది కమాండర్ నిర్ణయం, తనేమీ చెప్పలేనన్నాడట.

సాయంత్రం మళ్ళీ ఫోన్ మోగింది.

"నా మెసేజ్ గొలుసంతా తిరిగి నాకే ఎలా వచ్చిందో తెలుసా నవోమీ?" అంది మిసెస్ వెబ్. గొంతులో ఉల్లాసం లేదు. "లూసీ ఒప్పుకుంది. నువ్వు నా మాట పొల్లుపోకుండా చెప్పావట, తనే మార్చిందట. భర్తకు పడిన శిక్ష మీద కోపంతో పిల్ల ఇలా చేస్తుందనుకోలేదు."

నవోమి గోడ వైపు చూసింది. "మేడమ్, లూసీ కాదు. నేను. నేనే మార్చాను."

"హనీ, నేను అడిగేది నీకు అర్థం కాలేదు."

"అర్థమైంది. నేనే చెప్పాను. తుపాకులు ఖాళీ అని నేనే చెప్పాను."

"నువ్వు మంచి పిల్లవి, స్నేహితురాలిని కాపాడాలనుకుంటున్నావు. కానీ ఆ మాటలన్నీ నీ ఇంగ్లీషుకు ఎక్కడివి, చెప్పు?" నవ్వింది ఆమె, జాలిగా. "ఇక లూసీ గొలుసులో లేదు. మీటింగుకూ రాదు. ఇకపై ఎవరూ ఆమెకు కబురు చెప్పక్కర్లేదు. రేపటినుంచి నువ్వు తర్వాతి ఆమెకే ఫోన్ చెయ్యి."

"అయితే గ్లెన్ సంగతి లూసీకి ఎవరు చెబుతారు మేడమ్?"

లైను అప్పటికే తెగిపోయింది.

నవోమి చెప్పులు కూడా లేకుండా పరిగెత్తింది. లూసీ ట్రెయిలర్ తలుపు తీసే ఉంది. లోపల అట్టపెట్టెలు, వాళ్ళ అన్న కాబోలు ఒక పెద్ద మనిషి వాటిని ట్రక్కుకు మోస్తున్నాడు. లూసీ పరుపు మీద కూర్చుని నడుం పట్టుకుని ఉంది. పాదాలు వాచి చెప్పుల్లో పట్టడం లేదు.

"ఎందుకు చెప్పావట్లా?" అంది నవోమి. "నేను చెప్పానుగా, నేనే అని. ఆమె నమ్మలా."

"నమ్మదని నాకు తెలుసు," అంది లూసీ. "నీ ఆమోసు ఇంకా ఆ కల్నల్ చేతి కింద ఉన్నాడు. గ్లెన్‌కి పోయేది ఎటూ పోయింది." లేవబోయింది, లేవలేక చెయ్యి చాచింది. నవోమి లేపింది. ట్రక్కు దాకా నడిపించింది. సీటు మీద దుమ్ము చేత్తో తుడిచి, ఎక్కించి, తలుపు వేసింది. వెస్ట్ వర్జీనియాలో బొగ్గుగనుల దగ్గర అమ్మ ఇంటికి వెళుతున్నానని, వెళ్ళగానే నంబరు చెబుతానని అంది లూసీ.

అక్టోబరు వచ్చినా నంబరు రాలేదు. ఊరి పేరు నవోమి ఎప్పుడూ అడగలేదు. ఆఫీసుకు ఫోన్ చేస్తే, ఆ కుటుంబం ఇప్పుడు తమ లిస్టులో లేదన్నారు. బేరూత్ నుంచి ఏ కబురు వచ్చినా అది లూసీకి చేరే దారి ఇప్పుడు ఒక్కటీ లేదు.

ఆ కొండల ఊళ్ళలో, గని పనివాళ్ళ ఆస్పత్రులలో, మన తెలుగు డాక్టర్లు చాలామందే ఉన్నారు. ఇది చదివే మీరూ వాళ్ళలో ఒకరైతే, ఎనిమిదో నెల నడుస్తున్న ఒక పందొమ్మిదేళ్ళ పిల్ల, ఎర్రజుట్టు, పాదాలు వాచి, భర్త దేశం కాని దేశంలో ఉన్నాడని చెప్పే పిల్ల మీ వార్డుకు వచ్చిందేమో చూడండి. రాకపోతే ఒక ఆదివారం కారు తీసి ఆ చుట్టుపక్కల అడగండి. పేరు లూసీ. రక్తపోటు చూడండి. పక్కన మనిషి ఎవరైనా ఉన్నారో లేదో చూసి రండి.